రెండంగుళాల బండ

పొద్దున తొమ్మిదీ ముక్కాలుకు సిమెంటు గూడ్సు పోతాది.
అది ఎర్రగుంట్ల స్టేషను దాటి మలుపు తిరిగేలోపల
గూట్లో గలాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి,
గోడ మీది క్యాలెండరు రోంత ఊగుతాది,
రికార్డు మీది ముల్లు
ఒక చరణంలోంచి ఇంకో చరణంలోకి
మేకపిల్ల కంచె దూకినట్టు దూకుతాది.

"ఆయమ్మ చేత దినామూ మాట మింగిస్తాండావు"
అని సుంకులమ్మ నామీద అలిగింది.

ఆయమ్మెవరో మాకు తెలీదు.
లేబులు మీది పేరును చెదలు తినేసి
చివర్న "బాయి" మాత్రం మిగిల్చినాయి.
నాలుగేండ్ల కిందట ప్రొద్దుటూరు పాతసామాన్ల అంగట్లో
పెట్టె కొంటే, రికార్డు ఊరకే ఇచ్చినారు.

నాది కోత మిషను దగ్గర పని. ఇరవై రెండేండ్లు.
రంపం నాపరాయిని ఎంత కోసిందో లెక్కుంది,
నా చెవులను ఎంత కోసిందో
మొన్న కడపలో డాక్టరు గీత గీసి చూపించినాడు.
ఇక్కడిదాకా నీది, ఇక్కడ్నించి పోయింది.
చూస్తే గండికోట అంచు మాదిరి ఉండాది ఆ గీత:
చదునుగా వచ్చి వచ్చి
ఒక్కసారిగా కిందికి.

అయినా రాయి సంగతి నాకు తెలుసు కదా.
మూల విరిగిందని పక్కన పారేసిన బండ,
రెండంగుళాల మందం, నల్లనిది,
మోపెడ్ మీద కాళ్ల సందున పెట్టుకోని తెచ్చినా.
కింద చెక్క తొట్టి, తొట్టి నిండా పెన్న ఇసుక.
పెన్నలో ఉండేది అదే కాబట్టి
ఎంత కావాలంటే అంత.
ఇసుక మీద బండ, బండ మీద పెట్టె.
మట్టం చూద్దామని బండ మీద నీళ్ల బొట్టేస్తే
పడమటికి జారింది.
ఇల్లే పడమటికి వాలిందని
ఇరవయ్యేండ్లకు ఆ బొట్టు చెప్పింది.

స్పీకరు పెట్టె ఉత్త డొల్ల,
కడవలో తల పెట్టి మాట్లాడినట్టు పలికేది.
దూదేకుల కుళ్ళాయప్ప పరుపుకు మిగిలిన దూది తెచ్చి
పొరలు పొరలుగా విప్పి లోపల పరిచినాడు.
"ఎక్కువ కుక్కబాకు, గొంతుకు నిద్దరొస్తాది" అన్యాడు.

ముల్లు బరువు చూడను మౌనాచారి దగ్గర
బంగారం తూచే కాంటా అడిగి తెచ్చుకున్యా.
ఏడున్నర గ్రాములు.
"ఇంత బరువు గొంతు మీద కూచుంటే ఎవరు పాడతారప్పా"
అని ఆయనే వెనక తోకకు సీసం ముక్క అతికించినాడు.
నాలుక్కు వచ్చింది.
నాలుగు గ్రాముల బంగారం ఈపొద్దు ఎంతో కూడా చెప్పి
నవ్వినాడు.

ఆఖర్న రికార్డు కడిగినా.
బ్యాటరీలో పోసే నీళ్లు, రోంత కుంకుడు నురుగు,
పాత పంచె ముక్కతో, గీతల వెంబడే, అడ్డంగా కాదు.
నీళ్లు బూడిద రంగుకు తిరిగినాయి.
ఆ రంగు నాకు తెలుసు.
దినామూ నా చొక్కా పట్టుకోని ఇంటికొచ్చిన రాతి దుమ్ము
ఆయమ్మ గొంతులో కూచోనుండాది.

తొమ్మిదీ ముక్కాలు.
గూడ్సు వచ్చింది. గలాసులు పలకరించుకున్యాయి.
ముల్లు కదల్లేదు.

నేను సుంకులమ్మ మొగం చూస్తాండా.
ఆమె కనుబొమలే నాకు మీటరు,
పైకి లేస్తే మర ఒక చుట్టు బిగిస్తా,
ముడి పడితే వదులు చేస్తా.
"పాటకు ముందర ఊపిరి పీల్చుకునింది" అనింది.
"గాజు తగిలింది దేనికో."
"తంబూర ఒక తీగ రోంత దిగింది, ఆయమ్మకు తెలుసు,
తెలిసే దాన్ని దాటుకోని పోతాంది."
నాకు ఊపిరీ లేదు, గాజూ లేదు.
బండ మీద చెయ్యి పెట్టి చూసినా.
చల్లగా ఉండాది, అంతే.
బాగా పరిచిన బండ ఏమీ చెప్పదు.

రికార్డు అయిపోవస్తాంటే వేలు పైకెత్తింది: "ఆగు."
మొగం చిట్లించుకునింది.
"చివర్న ఎవరో మొగమనిషి సాల్లే అన్యాడు.
అంత బాగా పాడితే, సాల్లేనంట!"

ముల్లు మళ్లీ వెనక్కి పెట్టినా. మూడుసార్లు.
మూడుసార్లూ ఆమెకు కోపమొచ్చింది,
అదే చోట.

రేపు ముల్లు కొత్తది తెస్తానన్యా.
"వద్దులే, ఇంగ బాగు చెయ్యబాకు" అనింది,
"వాడు ఇంకా గట్టిగా వినపడతాడు."